పసుపు కింద టైరు నంబరు

ఇది నెల కిందటి ప్రయాణం. వెంటనే రాయలేకపోయాను. యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. మా సంఘం ఆడవాళ్లకు సాయంత్రం బడి పెడితే అప్పుడు పలక పట్టాను. ఇప్పుడు యాభై ఐదు. చదవడం బాగానే వచ్చింది గానీ రాత ఇంకా నెమ్మది. రోజుకు అర పేజీ రాస్తే వేళ్లు పట్టేస్తాయి. ఒక్క రోజు తిరిగినదాన్ని కాగితం మీద పెట్టడానికి నెల పట్టింది. అయినా రాస్తున్నాను. పెద్ద టైర్లు ఎక్కించిన ఫోర్‌వీల్ జీపులు మా జగిత్యాల చుట్టుపక్కల చాలానే తిరుగుతున్నాయి. వాళ్లలో ఒక్కరికైనా నేను పడ్డ తిప్పలు తప్పాలి.

మాది గొల్లపల్లి దగ్గర ఊరు. మా ఆయన మల్లేశం ఈతచెట్లు గీసేవాడు. జీపు పదిహేనేళ్ల కిందట కొన్నాడు, నా పేరు మీద. "రాజవ్వ పేరైతె కలిసొస్తది" అన్నాడు. చూపించిన చోటల్లా వేలిముద్ర వేసి వచ్చాను. నాలుగేళ్ల కిందట ఆయన చెట్టు మీది నుంచి పడ్డప్పుడు ఆ జీపే దవాఖానకు చేర్చింది. బతికాడు. ఎడమ కాలు మాత్రం మాట వినదు. ఇప్పుడు చెట్లు మా మరిది గీస్తాడు. పొద్దున్నే ఆయనే జీపు నడిపి అన్నను ఈతవనానికి తీసుకుపోతాడు. అక్కడి కల్లు మండువలో కూర్చుని వచ్చినవాళ్లకు కల్లు పోయడం, నాలుగు మాటలు మాట్లాడటం, ఇదే మల్లేశానికి మిగిలిన పని.

వనానికి మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయి, కాలువ పక్క మట్టిబాటలో దిగాలి. వానాకాలం ఆ బాటలో ఒకచోట జీపు కడుపు దాకా దిగబడేది. అందుకని రెండేళ్ల కిందట కోరుట్లలో పెద్ద టైర్లు వేయించుకొచ్చారు అన్నదమ్ములు. అప్పటినుంచి దిగబడలేదు. కానీ జీపు ఎత్తు పెరిగింది, ఎక్కబోతే మల్లేశం కాలు అందదు. రోజూ కింద పీట వేసి, చంకలో చెయ్యి పెట్టి నేనే ఎక్కిస్తున్నాను.

పదిహేనేళ్లు నిండిన సొంత బండిని ఆఫీసులో చూపించి కాగితం పొడిగించుకోవాలి. మా గడువు ఆ తర్వాతి మంగళవారంతో అయిపోయేది. కాగితం లేకపోతే జీపు రోడ్డెక్కదు. జీపు రోడ్డెక్కకపోతే మల్లేశం మంచం దిగడు. అందుకే ఆ శుక్రవారం బయలుదేరాను.

శుక్రవారం కాబట్టి తెల్లారే ఇంటి గడపకు పసుపు రాశాను. అదే చేత్తో జీపు డ్రైవరు వైపు తలుపు తీసి, లోపలి స్తంభానికి, కింది అంచుకు కూడా రాసి కుంకుమ బొట్లు పెట్టాను. కొన్ననాటి నుంచి వారం వారం చేస్తున్న పనే. ఎక్కి దిగే చోటు గడపే కదా. అందులోనూ ఎల్లమ్మకు మొక్కి రాసే ఆ పసుపే తనను బతికించిందని మల్లేశం నమ్మకం.

ఏడు నలభైకి బయలుదేరాం. నడిపింది మా బిడ్డ సరిత. జగిత్యాలలో మందుల దుకాణంలో పని చేస్తుంది, పొద్దున్నే బస్సులో పోయి వస్తుంది. ఎనిమిదిన్నరకు బండ్ల ఆఫీసు ముందున్నాం. మా సమయం పదిన్నర. ఇడ్లీ తిని వచ్చేసరికి గేటు దగ్గర ఒక ఏజెంటు తగిలాడు.

"టైర్లు పెద్దగున్నయి గదా, ఏమన్న అంటరా?" అని అడిగాను.

"అందరెక్కిస్తున్నరు అవ్వా. గదేం జూడరు. ఇగో, ఈడ వేలిముద్ర ఎయ్యి."

"సంతకం చేస్త."

"ఎందుకు తిప్పల, ముద్రైతె జల్దీ అయితది."

పెన్ను తీసుకుని సంతకం చేశాను. కాస్త ఎక్కువసేపే పట్టింది. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

పదకొండుకు ఇన్‌స్పెక్టరు సారు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. లైట్లు, హారను, బ్రేకు చూశాడు. ఆ తర్వాత ముందు టైరు దగ్గర కూర్చుని పక్కన అచ్చేసిన అంకెలు చదివాడు. నేనూ వంగి చదివాను. 235/75, రింగు పదిహేను.

"ఇది మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజు కాదమ్మా. టైరు మార్చుకోవచ్చు, కంపెనీ ఈ మోడల్‌కు రాసిన సైజులల్లనే మార్చాలె. ఇదేమో మడ్‌గార్డు దాటి బయటికొచ్చింది. మీటరు అరవై చూపిస్తుంటది, బండి అంతకంటె ఎక్కువ పోతుంటది. బ్రేకు మీద గూడ బరువు పడ్తది."

నాకు బడిలో మొదట నేర్పిన సంగతి ఒకటుంది. ఎవరు ఏం చెప్పినా, ఎక్కడ రాసి ఉందో చూపించమని అడగాలి. అడిగాను.

"అడగాల్సిందే" అన్నాడు సారు. "మీ బండి మీదనే రాసుంటది. డ్రైవరు తలుపు తీస్తే స్తంభానికి స్టిక్కరుంటది."

సరిత తలుపు తీసింది. స్తంభం నిండా పసుపు. అట్ట కట్టిన పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద ఆ పొద్దుటి తడి ఇంకా ఆరని పసుపు. ఒక్క అక్షరం కనబడలేదు. అప్పుడు గుర్తొచ్చింది. బండి కొత్తప్పుడు అక్కడొక తెల్ల కాగితం అంటించి ఉండేది. కంపెనీవాళ్లు ఏదో అతికించారు, మరకలాగా ఉందనుకుని మొదటి వారమే దాని మీద పసుపు రాశాను.

సారు జేబులోంచి తాళంచెవి తీశాడు, గోకడానికి. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "మీ చేతుల పసుపు నేను తియ్యనమ్మా. కంప్యూటరుల చూసి సైజు రాసిస్త. సోమవారం గా సైజు టైర్లతోని రండి. గీ స్టిక్కరు గూడ కనపడాలె." చీటీ మీద రాసిచ్చాడు: 215/75, రింగు పదిహేను.

నేను కూడా అక్కడ గోకలేదు. శుక్రవారం పూట, పది మంది ముందు, చెప్పులు వేసుకుని ఎల్లమ్మ పసుపు గోకే ధైర్యం నాకు లేదు.

కొత్త టైర్లు కొనే స్తోమత అప్పుడు లేదు. పాతవి కోరుట్ల దుకాణంలో ఇచ్చేసి పెద్దవి తీసుకున్నారు. ఆ పాతవే తిరిగి తెచ్చుకుందామనుకున్నాను. సరితకు డ్యూటీ ఉంది. నన్ను బస్టాండులో దింపి, "అవ్వా, బోర్డు చూసెక్కు" అంది. మూడేళ్లుగా చూసే ఎక్కుతున్నాను. అయినా చెబుతుంది.

పదకొండు నలభైకి కోరుట్ల బస్సు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. ముప్పావు గంటకు దిగాను. దిగిన చోటే మల్లేశానికి ఫోన్ చేసి చెప్పాను.

"పెద్ద టైర్లు తీసేస్తె బాట దాటది" అన్నాడు.

"తియ్యకపోతె రోడ్డే ఎక్కది."

"సారుకు నువ్వు సమజయ్యేటట్టు చెప్పలేదు. మన బాట ఎట్లుంటదో చెప్పినవా?"

ఫోన్ పెట్టేశాను. మన బాట బురదగా ఉందని దేశంలో రూలు మారుస్తారా.

టైర్ల దుకాణం లింగన్న నన్ను చూసి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. సంగతి చెప్పగానే నవ్వాడు. "గట్ల రూలే లేదక్కా. సప్పుడెక్కువ చేసే సైలెన్సర్లనే పడ్తరు. టైర్లకేంది? మీ కంపెనీ పై మోడల్‌కు గిదే సైజు ఇస్తది."

"మాది పై మోడల్ కాదు గదా."

"గయితేంది? చూడు, నా బండికి ఇంకా పెద్దయి ఉన్నయి."

దుకాణం ముందే ఉంది ఆయన జీపు. టైర్లు నా నడుము దాకా ఉన్నాయి. బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. చక్రాల పక్కన గడ్డి మొలిచింది.

"మరి ఇది కదిలి ఎన్ని దినాలైందే?" అని అడిగాను.

పక్కన పంక్చరు వేస్తున్నాయన నవ్వాపుకోలేక తల వంచుకున్నాడు. లింగన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "రోడ్ల మీద చెకింగులెక్కువైనయక్కా" అన్నాడు మెల్లగా. ఇంతసేపూ లేని రూలు అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో.

మా పాత టైర్లు దుకాణంలో లేవు. సిరిసిల్లలో మరమగ్గాలున్న సత్యం అనే ఆయన ట్రాలీకని నాలుగూ తీసుకుపోయాడట. లింగన్న మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "మగ్గాల మోతల వినపడదు. నువ్వు పోతెనే అయితది" అని అడ్రసు చెప్పాడు. నేనే రాసుకున్నాను. మావి పెద్దవి తిరిగి తీసుకుంటావా అంటే, అరిగిపోయాయి, వద్దన్నాడు. రెండేళ్ల కిందట ఇవి పదేళ్లు అరగవన్నది ఇదే నోరు.

బస్టాండు పక్కన అన్నం తిన్నాను. పప్పు చల్లారింది, పచ్చిపులుసు బాగుంది. ఒకటిన్నరకు వేములవాడ బస్సు. కథలాపూర్, రుద్రంగి మీదుగా పోతుంది, కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండ నా వైపే. పక్కన ఒక పెద్దమనిషి, మక్కజొన్న విత్తనాల సంచితో. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"గా రూలు ఎత్తేసిండ్లు గదమ్మా. ఫోన్ల అచ్చింది, నేను చూసిన."

"ఏది, చూపెట్టు."

రుద్రంగి దాకా వెతికాడు. చివరికి ఒక వీడియో చూపించాడు. ఎక్కడో ఇసుక దిబ్బల మీద జీపులు ఎగురుతున్నాయి. రాత అర్థం కాలేదు, తెలుగు కాదు.

"ఇది ఏ ఊరన్నా?"

"ఏ ఊరైతేందమ్మా, జీపులే గదా."

ఆ తర్వాత నేను కళ్లు మూసుకున్నాను. పొద్దుటినుంచి నలుగురు మగవాళ్లు నాకు రూలు చెప్పారు. ఒక్క సారు తప్ప ఎవరూ చదివి చెప్పలేదు. నాకు అక్షరాలు రానప్పుడు, వచ్చినవాళ్లంతా అన్నీ చదివే మాట్లాడుతున్నారనుకునేదాన్ని.

మూడున్నరకు వేములవాడ, బస్సు మారి నాలుగు పదికి సిరిసిల్ల. అడ్రసు చదువుకుంటూ పోయాను గానీ చదవనక్కర లేదు, ఆ వీధి చప్పుడే దారి చూపిస్తుంది. సత్యం షెడ్డులో ఎనిమిది మగ్గాలు నడుస్తున్నాయి. నేను నోరు తెరిచి అడిగితే నాకే వినబడలేదు. చేతులతో గుండ్రంగా చూపించాను. ఆయన రొట్టె అనుకున్నాడో ఏమో, ఇంట్లోకి చూపించాడు. చివరికి చీటీ ఇస్తే చదివి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"మీవేనా అక్కా గవి? నా ట్రాలీకి రింగు పట్టలే. ఉన్నయి, రా."

ఇంటి వరండాలో ఆయన భార్య భాగ్య నూలు కండెలు చుడుతోంది. కూర్చున్నది మా టైర్ల మీదే. మూడు టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన చెక్క వేసి, దాని మీద బొంత వేసుకుంది.

"నాలుగోదేది?" అన్నాను.

సత్యం తల గోక్కున్నాడు. షెడ్డు తలుపు తీసి మగ్గాల కాళ్లు చూపించాడు. ప్రతి కాలి కింద ఒక నల్ల రబ్బరు ముక్క. "అదురు తగ్గుతదని కోసిన. చెప్పొద్దు గానీ, మస్తు పని చేస్తున్నది."

వరండాలో కూలబడ్డాను. మూడు టైర్లతో జీపు నడవదు. పొద్దుటినుంచి ఆపుకున్న కోపమంతా వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. సత్యం ఏం తప్పు చేశాడు? తన టైరు తను కోసుకున్నాడు. భాగ్య నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే, చుట్టే కండె ఆపి అడిగింది.

"అక్కా, జీపుకు ఎనుక ఒక టైరు ఏలాడుతది గదా. గది గూడ పెద్దదే ఎక్కిచ్చిండ్లా?"

స్టెప్నీ. దానికి మల్లేశం నల్ల తొడుగు వేయించాడు, దాని మీద ఎల్లమ్మ బొమ్మ వేయించాడు. తొడుగు విప్పి చూసినవాళ్లు లేరు. సరితకు ఫోన్ చేశాను. జీపు ఆమె మందుల దుకాణం ముందే ఉంది. రెండు నిమిషాలకు చదివి చెప్పింది: "రెండు వందల పదిహేను, డెబ్బై ఐదు. రింగు పదిహేను. అవ్వా, గిది పాతదే."

పాత సైజు మా జీపు వెనకాలే వేలాడుతోంది. దాని కోసం నేను మూడు ఊళ్లు తిరిగాను. బండిని ముందు, పక్కల చూసినవాళ్లమే అందరం. నవ్వాలో తిట్టుకోవాలో తెలియలేదు. భాగ్య మాత్రం నవ్వింది. వెంటనే ముఖం మార్చింది.

"అంటే నా గద్దె పాయె. గీ మోకాళ్లకు గదే సరిగ్గ కుదిరింది."

"ఈత మొద్దు కోయించి పంపిస్త చెల్లె, గదే ఎత్తుకు."

"మొద్దుతోని పాటు ఇంకేమన్న పంపుతవా?" అన్నాడు సత్యం.

"పొద్దుటి కల్లు పంపుత. మధ్యాహ్నం దాకా ఉంచకు."

టైర్లకు పైసలు తీసుకోలేదు. మొద్దు ఎంత ఎత్తుండాలో భాగ్య దారంతో కొలిచి ముడి వేసి నా కొంగుకు కట్టింది. తర్వాత మొద్దు, కల్లు రెండూ పంపించాను.

ఐదు పదికి బస్సు. సత్యం టైర్లు ఎక్కించి పోయాడు. కండక్టరు ఆడమనిషి. నా ఆధార్ చూసి సున్నా టికెట్టు చించి, టైర్ల వైపు చూసింది.

"నీకు టికెట్ లేదమ్మా. నీ టైర్లకున్నది."

"గవి గూడ నా ఎంబడే వస్తున్నయి గదా."

"గవి ఆడయో మగయో ఆధార్ల రాసుంటె చూపెట్టు."

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్టు తీసుకున్నాను. ఆమె అడిగింది రాసి ఉన్న రూలే, పైగా ఆ రోజు వాదించే ఓపిక అయిపోయింది. వేములవాడలో దింపి, మళ్లీ జగిత్యాల బస్సులో ఎక్కించాలి. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు చెరో టైరు దొర్లించారు, మూడోది నేను.

చీకటి పడుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాళ్ల దగ్గర టైర్ల వాసన. ఆ రోజు నేను చూసిన జీపులు, లింగన్నది, మాది, రోడ్డు మీద ఎదురైనవి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కొందరు సోకుకు ఎక్కిస్తారు, వాళ్ల సంగతి నాకు తెలియదు. మేం మాత్రం బాట బాగు చేసుకోవడానికి బద్ధకించి టైరు పెంచుకున్నాం. ఒక్క చోట, పది అడుగుల గుంత. దానికోసం రెండేళ్లుగా జీపును ఎత్తు చేసి, ఆ ఎత్తుకు పీట వేసి, పీట మీదికి మనిషిని ఎత్తుతున్నాను.

ఏడు యాభైకి జగిత్యాల. సరిత జీపు తెచ్చింది. పావు తక్కువ తొమ్మిదికి ఇల్లు. మల్లేశం టైర్లు చూశాడు. బువ్వ తిని పడుకున్నాను.

సోమవారం కాగితం వచ్చింది, అందులో రాయదగ్గ సంగతి లేదు. ఈ దారిన పోయేవాళ్లు నా మాట విని ముందు తలుపు స్తంభం తుడుచుకోండి, స్టెప్నీ తొడుగు విప్పి చూసుకోండి. రాయాల్సింది టైర్లు తెచ్చిన మర్నాడు, శనివారం పొద్దుటి గురించి.

ఆరింటికి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బట్ట తెచ్చుకుని జీపు తలుపు తీశాను. మల్లేశం మంచం మీదినుంచి చూస్తున్నాడు.

"గా పసుపు తీస్తవానే?"

"తీసి పారేస్తనా? ఈతచెట్టు మొదట్ల పోస్త."

"నన్ను బతికిచ్చింది గదే."

"దవాఖానకు తీసుకపోయింది జీపు. ఇప్పుడు జీపునే బతికియ్యాలె."

"మెల్లగ తియ్యి" అన్నాడు.

నానబెట్టి ఒత్తితే పొరలు పొరలుగా వచ్చింది. మోదుగాకులోకి తీసుకున్నాను. అడుగున స్టిక్కరు పచ్చబడిపోయింది గానీ అక్షరాలు ఉన్నాయి. వేలు పెట్టి పైకి చదివాను. సారు చీటీలో రాసిందే. అప్పట్లో నేను వేలిముద్ర వేసిన బండి మీద ఏం రాసి ఉందో అన్నేళ్ల తర్వాత చదివాను. దాని చుట్టూ మళ్లీ పసుపు రాశాను, అక్షరాలు వదిలేసి.

తొమ్మిదికి మా ఊరి పంక్చర్ల ఆయన టైర్లు మార్చాడు. విప్పిన పెద్ద టైర్లు నాలుగూ ఇంటి ముందు పడి ఉన్నాయి. ఆయన జీపు కిందికి దించుతుంటే నేను చీర ఎగదోపుకుని ఒక టైరు దొర్లించుకుంటూ కాలువ బాటకు బయలుదేరాను. మెయిన్ రోడ్డు మీద మనుషులు ఆగి చూశారు. నాలుగు టైర్లకు నాలుగుసార్లు తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. గుంతలో రెండు టైర్లు ఈ చక్రం దారిన, రెండు ఆ చక్రం దారిన పరిచి, మండువలో ఉండే పార తెచ్చి మధ్యలో కాలువ గట్టు రాళ్లు, మొరం మట్టి నింపాను. నాలుగోది నింపుతుండగా హారను వినబడింది.

జీపు వచ్చి గుంత ముందు ఆగింది. మరిది స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు, పక్క సీట్లో మల్లేశం. పీట వేసి ఎవరు ఎక్కించారని అడగబోయాను. జీపు ఎత్తు తగ్గింది కదా, పీట ఇంటి ముందే, నేను వచ్చేటప్పుడు చూసిన చోటే ఉండిపోయి ఉంటుంది.

"జరుగు" అన్నాడు మల్లేశం. పార పట్టుకుని పక్కకు జరిగాను.